తీగల శతకం: ఉన్న ఒక్క పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. ఇంజను వైరింగు మొత్తం పీకి కొత్తది వేయవలసిన దుస్థితి ఉత్తమజాతి కార్లకూ తప్పదు. 1990ల తొలి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ కార్లలో ఇంజను తీగల తొడుగు కొన్నేళ్ల వేడికే పెళుసెక్కి, పెచ్చులూడి, రాగికి రాగి తగిలి ఇంజను తడబడేది. డబ్ల్యు124 అనే ఆ తరం బండ్లనే 1995 నుంచి పుణెలో కూర్చి మన రోడ్ల మీదికీ వదిలారు. అటువంటి బండి యజమాని ఒకాయన కొత్త వైరింగు కిట్టు ధర విని, కాసేపు కూర్చుని, లేచి, "తీగలు కొని మనమే అల్లుకుందాం" అన్నాడట. అప్పుడు పక్కనున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఆశువుగా చెప్పినది ఈ పద్యం. కవి బెజవాడ ఆటోనగర్ వాడని కొందరు, సికింద్రాబాద్ రాణీగంజ్ వాడని కొందరు. రెండు వర్గాలూ కొట్టుకోలేదంటే కారణం, రెండు చోట్లా పని ఎక్కువ, తీరిక తక్కువ.

ఆ. ఇంటి వైరు తెచ్చి యింజను చుట్టితే
వేడి తగిలి తొడుగు వీగిపోవు;
రాగి పోగుతోడ రాపిడి కోర్చెడి
తీగ వెదకి తెమ్ము తిక్క మాని.

ప్రతిపదార్థం. ఇంటి వైరు = గోడల్లో ఫ్యానుకూ లైటుకూ లాగగా మిగిలినది; తెచ్చి = అటక మీద నుంచి దించి; యింజను = ఇంజనుకు; చుట్టితే = వైరింగుగా వేస్తే; వేడి తగిలి = మానిఫోల్డ్ సెగ సోకి; తొడుగు = పైనున్న ప్లాస్టిక్కు; వీగిపోవు = పగిలి రాలును; రాగి పోగుతోడ = సన్నని రాగి పోగులతో కూడి; రాపిడికిన్ ఓర్చెడి = ఒరుసుకున్నా తెగని; తీగన్ = వైరును; వెదకి = నాలుగు దుకాణాలు తిరిగి; తెమ్ము = కొనుక్కురా; తిక్క మాని = దీని మీద వివాదం ఉంది, కింద చూడుడు.

తాత్పర్యం స్పష్టం. "చుట్టితే" గ్రామ్యమని నొసలు చిట్లించే పండితులు ఒకసారి బానెట్ ఎత్తి చూడాలి. పద్యంలో గణభంగం లేదు. బండిలో ఉన్న భంగాలు వేరు.

టీక. "ఇంటి వైరు" అనే మాట దగ్గరే పూర్వపక్షం లేస్తుంది. ఇంటి వైరు చుట్ట మీద 1100 వోల్టులని అచ్చేసి ఉంటుంది. కారులో ఉన్నది 12 వోల్టులు, ప్రత్యేకంగా కారుకోసం చేసిన తీగకు రాసి ఇచ్చేది 60 వోల్టులే. 1100 ఓర్చినది 12కు వీగునా? ఇది కవి అజ్ఞానం కాదా? కాదు. వోల్టులు తొడుగు మందాన్ని పరీక్షిస్తాయి, వేడి తొడుగు జాతిని పరీక్షిస్తుంది. మామూలు ఇంటి వైరు పీవీసీ 70 డిగ్రీల సరుకు. ఇంజను చల్లబరచడానికి తిరిగే నీళ్లే 90 డిగ్రీల దగ్గర తిరుగుతాయి. చల్లార్చేదే అంతుంటే చల్లారవలసినదాని సంగతి చెప్పనక్కర లేదు. ఆ సెగకు పీవీసీని మెత్తగా ఉంచే ద్రవ్యం కొద్దికొద్దిగా ఎగిరిపోతుంది, తొడుగు గట్టిపడుతుంది, ఆపైన ఇంజను వణికినప్పుడల్లా ఒక చీలిక.

మరి పీవీసీ అంతా త్యాజ్యమా? అలా అనడం అతివ్యాప్తి. కార్ల కోసం చేసే పీవీసీ వేరు. జర్మన్ కట్టు వైరు మీద ఎఫ్ఎల్ఆర్‌వై అని ఉంటే అది 105 డిగ్రీల పీవీసీ, తొడుగు పలచన. డ్యాష్‌బోర్డు వెనక, తలుపుల్లో అది హాయిగా బతుకుతుంది. ఇంజను మీదికి మాత్రం ఎఫ్ఎల్ఆర్2ఎక్స్, లేదా అమెరికా లెక్కలో టీఎక్స్ఎల్, జీఎక్స్ఎల్ అనే జాతి మేలు. వీటి తొడుగు పాలిథీన్ అణువుల గొలుసులను అడ్డంగా ముడివేసి చేసినది, 125 డిగ్రీల వరకు కరిగి కారదు. ఈ అంకెలు ఊరికే వేసినవి కావు. కారు తీగల ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం తీగను ఆ వేడిలో 3000 గంటలు ఉంచి, తీసి, వంచి, పగలలేదని చూసి ఇచ్చేవి. నా మట్టుకు నాకు ఈ పద్యానికి ఇంతకు మించిన భాష్యం అక్కర్లేదు. కాని ప్రచురణకర్త ఇంకా కావాలన్నాడు.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో మూడో పాదం "రాగి పూతతోడ" అని ఉంది. గణాలు కుదురుతాయి, యతి కుదురుతుంది, బండి మాత్రం కుదరదు. ఇది దుకాణదారు ప్రక్షిప్తమని పరిష్కర్తలు ఏకగ్రీవంగా తేల్చారు. పూత అంటే లోపల అల్యూమినియం, పైన పల్చని రాగి. చూపుకు అచ్చం రాగే. కరెంటును మోయడంలో మాత్రం అంతే లావున్న రాగిలో సుమారు మూడింట రెండొంతులు. నాలుగుసార్లు వంగితే విరుగుతుంది, టెర్మినల్‌లో నొక్కినచోట కాలక్రమాన వదులవుతుంది, తడి తగిలితే తెల్లగా బూజుకడుతుంది. పాఠనిర్ణయానికి తాళపత్రాలు అక్కర్లేదు. పోగును బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది, చుట్టను చేత్తో ఎత్తితే అనుమానం వచ్చేంత తేలిక. చౌకగా దొరికితే సంతోషించే ముందు గీకి చూడండి.

"పోగు" అని ఏకవచనం వాడినా ఇక్కడ అది జాత్యేకవచనం. ఒంటి పోగు తీగ గోడలో కదలకుండా ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. ఇంజను మీద ఊగి ఊగి ఒకచోట పుటుక్కున తెగుతుంది. 1 స్క్వేర్ ఎంఎం కారు తీగలో 0.26 మిల్లీమీటర్ల పోగులు 19 ఉండటం ఒక రివాజు.

"తిక్క మాని". పిసినారితనమే తిక్క అని ప్రాచీనులు. నవీనులు దీనికి ఎదురర్థం చెబుతారు. ఇంజనుకని చెప్పి విమానాలకు వాడే ఈటీఎఫ్ఈ తొడుగు తీగ తెచ్చేవాళ్లున్నారు, అదీ తిక్కేనంటారు. ఆ తీగ 150 డిగ్రీలు ఓర్చుతుంది, పలచన, నూనెకు లొంగదు, నిజంగా గొప్పది. ధరా గొప్పదే. మామూలు చాకుతో ఒలిస్తే పోగులు గాయపడతాయి, అందుకు తగిన పనిముట్టు వేరే కొనాలి. సిలికాన్ తీగ ఇంకా ఎక్కువ వేడి ఓర్చుతుంది గానీ ఇనుప అంచుకు ఒరిస్తే చిరుగుతుంది, పద్యంలో "రాపిడి" అన్నది దాన్ని ఉద్దేశించే. సైలెన్సర్ మొదట్లో ఆక్సిజన్ సెన్సర్ దాకా వెళ్లే రెండు మూడు తీగలకు ఘనమైన సరుకు వేసి, మిగతాదానికి 125 డిగ్రీలది వేయడమే నాకు సబబుగా తోస్తుంది.

ధ్వని. లావు గురించి కవి ఒక్క మాటా అనలేదు. అనకపోవడంలోనే చమత్కారం ఉందని ఆలంకారికులు. లావైతే మంచిదని యజమాని అనుకుంటాడు. ఇంజెక్టరుకూ సెన్సరుకూ 0.5, 0.75 స్క్వేర్ ఎంఎం చాలు. అంతకన్నా లావు తీగ కప్లర్‌లోని పిన్నుకు పట్టదు, దాని రబ్బరు సీలులో దూరదు, దూర్చితే నీళ్లు దూరతాయి. పెట్రోలు పంపు లాంటి తిండిపోతు దగ్గర మాత్రం లెక్క చూడాలి. 10 ఆంపియర్లు 4 మీటర్లు పోవాలంటే 1 స్క్వేర్ ఎంఎం రాగిలో 0.7 వోల్టు దారిలోనే ఖర్చు, 2.5లో 0.28. క్రాంక్ సెన్సరుకు కవచం చుట్టిన తీగ ఉంటే మళ్లీ కవచమున్నదే వేయాలి, సాదాది వేస్తే స్పార్కుల గోల అంతా కంప్యూటరు వింటుంది.

రంగులు. పాత తీగ రంగే కొత్త తీగకూ, చార ఉంటే చారతో సహా. జర్మన్ బండిలో గోధుమ రంగు ఎర్తు, ఎరుపు నేరుగా బ్యాటరీ. దుకాణంలో దొరికిందని ఒకే ఎర్ర చుట్టతో వైరింగంతా ముగించినవాళ్లున్నారు. ఆ బండి తర్వాత ఏ ఎలక్ట్రీషియన్ చేతికి వస్తుందో ఆయనా ఆశుకవే అవుతాడు, కాని ఆ పద్యాలను ఈ సంపుటంలో చేర్చడానికి ప్రచురణకర్త ఒప్పుకోలేదు.