బాతుల పాళీ

నా వీపు మీద 356 అని అంకె ఉంటుంది. ఎస్టర్‌బ్రుక్ వాళ్ళ ఉక్కు పాళీని. పుట్టిల్లు న్యూజెర్సీలోని కామ్డెన్, మెట్టినిల్లు కాలిఫోర్నియాలో కార్ల్ బార్క్స్ గారి బల్ల. మా జాతికి ఆయుష్షు తక్కువ. మొన అరగ్గానే తీసి పారేసి, కాడకి కొత్తదాన్ని తొడుగుతారు. అందుకని ఆయన చేతిలో అరిగిపోయిన 356లందరి తరఫునా నేనే చెబుతున్నాను.

అయ్యగారు 1901లో ఓరెగాన్‌లో పుట్టారు. రైలు షాపులో రివెట్ల పని లాంటివెన్నో చేసి, 1935లో డిస్నీ స్టూడియోలో చేరారు. 1942లో అక్కడ మానేసి, డొనాల్డ్ డక్ కామిక్స్ గీయడానికి కూర్చున్నారు. పిసినారి స్క్రూజ్ మామ 1947లో పుట్టింది ఈ బల్ల మీదే.

నా పనితనమంతా నడుమ ఉన్న చీలికలో ఉంది. అదిమితే రెండు కొనలూ విడిపోయి గీత లావెక్కుతుంది, వదిలితే వెంట్రుకంత అవుతుంది. అదిమేది ఎక్కడ, వదిలేది ఎక్కడ అన్నదే విద్య. బాతు వీపు దగ్గర సాఫీగా జారి, పొట్ట కింద బరువెక్కి, తోక కొసన గాలిలో కలిసిపోయేదాన్ని. ఇక కళ్ళు! రెండు కోడిగుడ్డు గీతలు, రెండు నల్లచుక్కలు. చుక్క ఏ కాస్త పక్కకి జరిగినా అత్యాశ కాస్తా భయమైపోతుంది. అయ్యగారికి చెవులు సరిగా వినపడేవి కావు. మాట వినపడని మనిషి ఎదుటివాళ్ళ ముఖం ఎంత శ్రద్ధగా చూస్తాడో నాకు ఆ చుక్కల దగ్గరే తెలిసింది.

దేశాలు పట్టుకు తిరిగిన మనిషి కాదు. ముందర నేషనల్ జియోగ్రఫిక్ సంచిక పరుచుకుని, రాతి గోడలూ ఓడ తాళ్ళూ ఉన్నవి ఉన్నట్టు గీయించేవారు. పరిసరం అంత నిజంగా ఉంటే, అందులో చొక్కా తొడుక్కున్న బాతు తిరిగినా ఎవరూ అనుమానించరు. 1949లో ఆండీస్ కొండల కథ ఒకటి వేశాం. అందులో గుడ్లు నలుచదరం, కోళ్ళూ నలుచదరమే! కోడంటే గుండ్రంగా తిరగడం అలవాటైన నాకు ఆ మూలలు తిప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత చేసినా పుస్తకం మీద ఆయన పేరుండేది కాదు. పిల్లలు మాత్రం గీత చూసి పోల్చుకునేవారు; వాళ్ళకి ఆయన ‘మంచి బాతుల బొమ్మలాయన’. 1960లో పేరు కనుక్కుని ఒక అభిమాని ఉత్తరం రాస్తే, ఎవరో స్నేహితుడు ఆట పట్టిస్తున్నాడనుకున్నారు. మేం గీసిన అసలు కాగితాలు చాలామటుకు అచ్చయ్యాక నాశనమైపోయాయి. అచ్చు ప్రతులే మిగిలాయి.

1966లో రిటైరయ్యారు. 1971 నుంచి అవే బాతుల్ని కుంచెతో తైలవర్ణాల్లో వేశారు, వాటికి పెద్ద ధరలే పలికాయి. రంగులు బాగుంటాయి, కాదనను. కానీ ఆ బాతులు ఫొటోకి నిలబడ్డట్టుంటాయి. నావి పరిగెడతాయి.