వాజిమా గిన్నె ఆత్మకథ

జపాను దేశపు పడమటి కడలిలోనికి చొచ్చుకొనిపోయిన నోతో ద్వీపకల్పమున, వాజిమా అను రేవుపట్టణమందు, కెయాకి అను వృక్షముయొక్క కొయ్యను చక్కగా ఆరనిచ్చి, తరిమెన పట్టి, పలుచని గిన్నెగా నా దేహమును మలచిరి. అంచును, అడుగును త్వరగా దెబ్బతిను స్థలములు గనుక అచ్చట సన్నని గుడ్డ నతికించి, ఆ యూరి మట్టిని కాల్చి పొడిచేసి, ఉరుషి చెట్టు పాలతో కలిపి మెత్తిరి. ఒక్కొక్క పొర ఆరిన పిమ్మట దానిని రాతితో రుద్ది నునుపుచేసి మరియొక పొర పూసిరి. ఇట్లు నూటికి మించిన పనులు ముగియునప్పటికి ఋతువులు మారిపోయినవి. తెలుగునాట ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చు లక్క పురుగులు ప్రసాదించునది. నా మేనిపూత మాత్రము వృక్షము ధారవోసినది. పదేండ్లకు పైగా పెరిగిన ఉరుషి చెట్టునకు వేసవినుండి శరత్తు వరకు గాట్లు పెట్టి పాలు తీసినను లభించునది రమారమి 200 గ్రాములే. ఆపై ఆ చెట్టును నరికివేయుదురు. ఆ పాలు పొడిగాలిలో ఆరవు, తడిగాలిలోనే గట్టిపడును. అందుచేత నేను చిరకాలము చెమ్మగల చీకటి బీరువాలో పెరిగితిని. నన్ను తీర్చిన పనివాని ముఖముకంటె అతని బొటనవ్రేలి స్పర్శయే నాకు బాగుగ జ్ఞాపకమున్నది.

నన్ను కొనితెచ్చినవారు క్యోటో నగరమున, నన్‌జెన్‌జి ఆలయమునకు సమీపముననున్న ఒక ప్రాచీన భోజనశాలవారు. అచ్చట వడ్డించునది కైసెకి భోజనము. పదునారవ శతాబ్దిలో సెన్ నో రిక్యూ మొదలగు తేనీటి గురువులు తమ సమావేశములకు ముందు పెట్టిన మితాహారము నానాట పెంపొంది ఈ విందు పద్ధతికి దారితీసినది. వంటకములన్నియు ఒక్కసారిగా రావు. ఒకటి ముగిసిన పిదపగాని మరియొకటి రాదు. వచ్చిన ప్రతిదియు ఆ మాసముయొక్క రుచిని, వర్ణమును మోసికొని వచ్చును. వానిలో మూతగల గిన్నెతో వచ్చు రసమే వంటవాని ప్రజ్ఞకు గీటురాయి యని ఆ దేశమున ప్రసిద్ధి. ఆ రసమును మోయు గౌరవము నాది. వెలుపల నేను కేవలము నల్లనిదానను. మూత ఎత్తినవారికి మాత్రమే దాని లోపలివైపున బంగారుపొడితో చిత్రించిన రెల్లుపూలు కనబడును. చూపరుల మెప్పుకంటె, ముంగిట కూర్చున్న ఒక్క అతిథి పొందు ఆనందమునే మిన్నగా నెంచిన ఆ చిత్రకారుని సంస్కారమును నేనెన్నటికిని కొనియాడుదును.

నవంబరు మాసాంతమున, మేపుల్ ఆకులు ఎర్రబారిన ఒక సాయంకాలము, నలుగురు తెలుగువారు ఆ భోజనశాలకు వచ్చిరి. ఇరువురు ఆ నగరముననే చిరకాలముగ కాపురముండి విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము బోధించు ఆచార్యుడును, ఆయన భార్యయును. తక్కిన ఇరువురు, ధవళేశ్వరమున నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఆయన బాల్యమిత్రుడును, ఆయన ఇల్లాలును. వృక్షసంతతికి చెందిన నాకు మనుష్యుల భాషలలో భేదము తోచదు. వంటింటి అరుగుపై నుండియే వారి మాటలను వింటిని. పగలెల్ల వారు దర్శించిన నగరమును నేను చూచినది ఆ మాటలలోనే.

“బంగారు మంటపం బాగానే ఉందిరా. 1950లో తగలబడితే 1955కల్లా మళ్ళీ కట్టుకున్నారన్నావు చూడు, అది నాకు నచ్చింది. కానీ గుడి ఆవరణలో ఆ ఇటుకల కాలువ చూపించావే, దానికోసం ఇంకోసారి రావచ్చు,” అని ఇంజనీరు పలికెను. ఆయన చెప్పినది 1888లో నన్‌జెన్‌జి ఆవరణలో ఎర్ర ఇటుకల కమానులపై కట్టిన సుయిరోకకు అను నీటివంతెన. రాజధాని టోక్యోకు తరలిపోయిన పిమ్మట క్యోటో కళతప్పి, జనము తగ్గి, శిథిలమగుచుండగా, బివా సరస్సు నీటిని కొండలు తొలిచి ఊరికి తెచ్చు మహాకార్యమును, 1883లో పట్టా పుచ్చుకొన్న తానబె సకురో అను యువకుని చేతిలో పెట్టిరి. 1890లో కాలువ ముగిసినది. 1891లో కెయాగె అను చోట ఆ నీటితోనే విద్యుత్తు పుట్టినది. 1895లో ఆ విద్యుత్తుతో క్యోటో వీధులలో ట్రాము నడచినది. ఇంజనీరు ఆ ఇటుకలను అరచేతితో తాకి, చాలసేపు కదలక నిలిచిపోయెనట.

“మన గన్నవరం అక్విడక్టు గుర్తుందా? వైనతేయ పాయ మీంచి కాలువ. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన రోజుల్నాటి పని. అదీ ఇదీ ఒకే చదువురా,” అని ఆయన మిత్రుని భుజము తట్టెను.

“నాకు మాత్రం ఆ పొడుగాటి గుడే, అన్నయ్యగారూ,” అని ఇల్లాలు ఆచార్యునితో ననెను. “ఆ వెయ్యిన్నొక్క విగ్రహాల ముందు నిలబడితే మాట రాలేదు. వాటి ముందు వరసలో మన గరుత్మంతుడు! పిల్లనగ్రోవి ఊదుతున్నాడు!”

“బౌద్ధంతోపాటు చైనా మీదుగా వచ్చాడమ్మా. బ్రహ్మ, ఇంద్రుడు కూడా అక్కడే ఉన్నారు. వెళ్ళేలోగా ఇంకోసారి చూద్దాం.”

ఇంతలో నా వంతు వచ్చినది. అతిథులు శాకాహారులని ముందే తెలియుటచే, ఎండిన బొనీతో చేపను చెక్కి కాచు వాడుకరసమునకు బదులు, కొంబు అను సముద్రపు నాచును, ఎండు షీటాకే పుట్టగొడుగులను చన్నీట నానవేసి రసము దింపిరి. అందు సోయాపాలపై కట్టిన మీగడపొరను, మేపుల్ ఆకువలె కోసిన క్యారెట్టును, యుజు పండుయొక్క చిన్న తొక్కముక్కను ఉంచి మూతవేసిరి. వంటయింట మూసిన మూతను దారిలో నెవ్వరును తెరువలేదని తెలుపుటకు దానిపై సన్నని నీటితుంపరలు చల్లిరి.

ఇల్లాలు మూత నెత్తబోగా అది రాలేదు. వేడిరసము కొంత చల్లారినచో లోని ఆవిరి కుదించుకొని మూతను పట్టివేయును. “బలంగా లాగకమ్మా, ఎడమచేత్తో గిన్నె అంచుని మెల్లగా నొక్కు,” అని ఆచార్యుడు చెప్పెను. నా అంచు కొలదిగ వంగినది, గాలి చొరబడినది, మూత వదలినది. యుజు పరిమళము ముందును, రెల్లుపూల బంగారము పిదపను ఆమెను చేరినవి. నలుగురును ఒక్క క్షణము మాటలాడలేదు.

లోహపు గిన్నెలో వేడిరసము పోసినచో చేయి కాలును. పలుచని పింగాణియు నంతే. కొయ్య వేడిమిని లోపల నిలుపుకొని వ్రేళ్ళకు గోరువెచ్చదనమునే పంపును. కావున నన్ను బల్లపై నుంచి చెంచాతో తోడుకొనుట ఆచారము కాదు. చేతుల నెత్తి పెదవుల కానించుకొనవలెను. చేతితో తినుట నెరుగని అతిథులు పెక్కురు నన్ను తాకుటకు జంకుట చూచితిని. ఈ దంపతులు జంకలేదు. గోదావరి ఒడ్డున తన యింట చారుగిన్నె నెత్తి త్రాగినట్లే ఇల్లాలు నన్నెత్తెను. అన్నము కలుపుకొను వ్రేళ్ళకు వేడియు, మెత్తదనమును, బరువును ముందుగనే తెలియును. రుచి నాలుకను చేరకమునుపే చేతిలో ప్రారంభమగును. నా పనివాడు నూటికి మించిన పనులు చేసినది ఇట్టి చేతులకొరకే యని నా దృఢవిశ్వాసము.

తక్కిన వంటకములు వచ్చుచుండెను. కడపట అన్నము, పలుచని టర్నిప్ బిళ్ళల ఊరగాయ. వడ్డించు పెద్దామెను ఆచార్యుని భార్య నా ఊరు అడిగెను. వాజిమా యని చెప్పి ఆమె, 2024 జనవరి 1న నోతోలో వచ్చిన 7.6 తీవ్రతగల భూకంపమును, ఆ రాత్రి ఉదయపుసంత వీథిని దహించిన అగ్నిని, కూలిన పనివారి శాలలను మెల్లగా వివరించెను. ఆచార్యుడు తెలుగులో చెప్పుచుండగా ఇంజనీరు భోజనపుపుల్లలు క్రింద నుంచెను.

“దివిసీమ ఉప్పెనప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. డెబ్బై ఏడు నవంబరు. నాన్నతో అవనిగడ్డ వెళ్ళాను. ఏడాది తిరిగేసరికి అక్కడే మళ్ళీ నాట్లు వేశారు,” అని ఆయన, కొంత తడవాగి, “ఆ ఊళ్ళో ఇప్పుడు పని జరుగుతోందా, అడుగు,” అనెను.

తాత్కాలిక శాలలలో జరుగుచున్నదని పెద్దామె చెప్పెను. అంచున పూత పలుచబడిన మమ్ములను వచ్చు వసంతమున మరల పూతవేయుటకై అచ్చటికే పంపుదురట.

“కనజావా దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. మీ ప్రయాణానికి ఇంకా వారం ఉందిగా,” అని ఆచార్యుడు లెక్కవేసెను. “పదండి, అన్నయ్యగారూ,” అని ఇల్లాలు వెంటనే ఒప్పుకొనెను. నాకంటె ముందుగ వారు నా యూరిని చూడబోవుచున్నారు.