ఎడిసన్ కొలిమికి కొలిమిగుండ్ల టీక

అవతారిక

వ్యాఖ్యాత నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల వాస్తవ్యుడు. బెలుం గుహలున్న మండలం, నాపరాయి గనుల మండలం. వేసవిలో నాపరాళ్ల అరుగు మీద చాప వేయాలంటే రాత్రి పది దాటాలి. అటువంటి చోట పుట్టినవాడికి ఇల్లు వేడి చేసుకోవడం అనే ప్రయోజనమే తొలుత బోధపడదు. కానీ కొడుకు కాపురం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అక్కడ జనవరిలో నేలమాళిగలోని గ్యాసు ఫర్నేసు ఉన్నట్టుండి వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం, ఆరడం మొదలుపెట్టింది. కాంట్రాక్టరు వచ్చాడు. టార్చిలైటుతో తొంగిచూశాడు. కాగితం రాసి చేతిలో పెట్టి పోయాడు.

“నాయనా, కొత్తది పెట్టించుకోమంటాన్నాడు” అని కొడుకు తాత్పర్యం ఒక్క ముక్కలో తేల్చేశాడు. ప్రతిపదార్థం చూడకుండా తాత్పర్యం ఒప్పుకోవడం మన సంప్రదాయం కాదు. పద్యం లేని వ్యాఖ్యకు పరువుండదు కనుక ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఆటవెలదిలోకి దించడమైనది. భావం కాంట్రాక్టరుది, యతులు వ్యాఖ్యాతవి.

మూలం

ఫిల్టరు మసిబట్టె పేలికై పోయెను
మంటపుల్ల తుప్పు మయము కాగ
ఇరువదేండ్ల కొలిమి యింక బాగుపడదు
కొత్తదొకటి కొనిన కొంప నిలుచు

ప్రతిపదార్థం

ఫిల్టరు = ఫర్నేసు పీల్చే గాలిని వడకట్టే అట్టచట్రం; మసిబట్టె = అడిగినవాళ్లు లేక నల్లబడెను; పేలికై పోయెను = పాతగుడ్డ అయిపోయెను; మంటపుల్ల = మంట ఉన్నదీ లేనిదీ కనిపెట్టే సన్నని లోహపు కడ్డీ; తుప్పుమయము కాగ = పొరగట్టి మొద్దుబారగా; ఇరువదేండ్ల కొలిమి = ఇల్లు కట్టిన నాటి ఫర్నేసు; ఇంక బాగుపడదు = బాగుచేస్తే గిట్టదు (ఎవరికి అన్నది ఊహ్యం); కొత్తదొకటి = వేల డాలర్లది ఒకటి; కొనిన = వాయిదాల మీదనైనా కొన్నచో; కొంప = బ్యాంకు బాకీ తీరని ఇల్లు; నిలుచు = ఈ చలికాలానికి నిలుచును.

ప్రథమ పాద విశేషం

అగ్నికి వాయుసఖుడని పేరు. ఫర్నేసులో వచ్చే రోగాల్లో చాలా భాగం నిప్పువి కావు, ఈ సఖుడివి. మా వైపు కమ్మరి కొలిమి చూడండి. గనుల్లో రాయి కొట్టి మొద్దుబారిన ఉలులు సాయంత్రానికి కుప్పగా వచ్చి పడతాయి. ఎర్రగా కాల్చాలి, సాగగొట్టాలి, నీళ్లలో ముంచి పదును పెట్టాలి. కమ్మరి కన్ను ఉలి మీద, చెయ్యి మాత్రం గాలి మీద. ఆనాడు తోలుతిత్తి, తరవాత చేత్తో తిప్పే చక్రం, ఇప్పుడు కరెంటు బ్లోయరు. తిత్తికి చిల్లి పడితే తోలుముక్క వేసి కుట్టుకున్నాడు గానీ, కొలిమి ముసలిదైపోయిందని ఎవరితోనూ అనలేదు.

నేలమాళిగ కొలిమిలోనూ అంతే. బ్లోయరు ఇంట్లోని చల్లగాలిని లాగి, ఫిల్టరు గుండా వడకట్టి, హీట్ ఎక్స్‌ఛేంజరు అనే లోహపు గదుల మీదుగా తోస్తుంది. మంట ఆ గదుల లోపల, గాలి వెలుపల. రెండూ ఎన్నడూ కలవకూడదు. ఫిల్టరు పూడుకుపోతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే లోహం మితిమీరి కాగుతుంది, కాగితే లిమిట్ స్విచ్చి మంటను ఆర్పేస్తుంది. చల్లారగానే మళ్లీ వెలుగుతుంది. తెల్లవార్లూ ఇంట్లో జరిగిన నాటకం ఇదే కావచ్చు. పలుమార్లు కాగి, పలుమార్లు చల్లారిన లోహం ఏదో ఒకనాడు పగుళ్లిస్తుంది. కాబట్టి మూడవ పాదంలోని ముసలితనానికి ప్రథమ పాదమే కారణం. ఈ సంబంధాన్ని మూలకర్త చెప్పలేదు. వ్యాఖ్యాతలు ఉన్నది ఇందుకే.

ఫిల్టరును బయటికి లాగి చూడడమైనది. తెల్లగా ఉండవలసినది ఎలుకబొచ్చు రంగు దుప్పటిలా ఉంది. తలవెంట్రుకలు, చీర నూలుపోగులు, అగరుబత్తి నుసి. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిరుటి తాలింపుల ఇంగువ. అంగుళం మందం ఫిల్టరును మూడు నెలలకు మించి ఉంచరాదని శాస్త్రం. దినమూ పోపు వేసే తెలుగిళ్లలో ఇంకా ముందే తీసేయాలని ఈ వ్యాఖ్యాత మతం. చట్రం మీద బాణం గుర్తుంటుంది, అది ఫర్నేసు వైపు చూడాలి. తిరగేసి పెట్టే పండితులూ ఉన్నారు.

ద్వితీయ పాదం

ఇది స్వల్ప విషయం. మంట తగిలినప్పుడు ఆ కడ్డీ గుండా మైక్రోఆంపుల లెక్కన విద్యుత్తు పారుతుంది. పొర కట్టితే పారదు. మంట లేదనుకొని యంత్రం కొన్ని క్షణాల్లో గ్యాసు కట్టేస్తుంది. మందు: కరెంటు, గ్యాసు ఆపి, ఒక మరచీల విప్పి, కడ్డీని సన్నని ఉక్కుపీచుతో నెమ్మదిగా రుద్దడం. దీనికి “తుప్పుమయము” అన్నది అతిశయోక్త్యలంకారం.

తృతీయ పాదం – పూర్వపక్షం, సిద్ధాంతం

పూర్వపక్షి ఇలా అంటాడు: ఫర్నేసుల ఆయువు పదిహేను, ఇరవయ్యేళ్లు, ఇది ఇరవై నిండినది, కనుక మార్చవలెను.

సమాధానం: వయస్సు హేతువు కాదు. మా మండలంలో సిమెంటు ఫ్యాక్టరీ కిల్న్‌లో సరుకు 1,450 డిగ్రీల దాకా కాగుతుంది. లోపలి ఇటుకలు అరిగితే ఇటుకలు మారుస్తారు గానీ కిల్న్‌ను పీకి పారేయరు. మార్చడానికి నిజమైన హేతువు ఒకటుంది, అది హీట్ ఎక్స్‌ఛేంజరులో పగులు. దానికి మాట్లు వేయడం కుదరదు. పాతదానికి ఆ భాగం ఒక్కటే మార్పించినా కూలితో కలిపి తడిసి మోపెడవుతుంది. కొన్ని కంపెనీలు ఆ భాగానికి విడిగా ఇరవయ్యేళ్ల వరకు గ్యారంటీ ఇస్తాయి గనుక కొన్ననాటి కాగితాలు వెతకాలి. అయితే పద్యం నాలుగు పాదాలూ గాలించినా పగులు అన్న మాటే లేదు. మసీ తుప్పూ చూపించి కొత్తది కొనమనడాన్ని తార్కికులు హేత్వాభాసం అంటారు.

తర్కం చదివినవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. కొండ మీద పొగను చూసి నిప్పుందని ఊహించడం మనకు తరతరాల ఉదాహరణ. పగిలిన ఎక్స్‌ఛేంజరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ దానికి లొంగదు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదీ జలుబనుకొని పడుకుంటారు. ఇక్కడ అనుమాన ప్రమాణం చెల్లదు, పడకగదుల దగ్గర కూసే అలారమే ప్రమాణం. కాంట్రాక్టరు పగులుందంటే ఫొటో చూపమనాలి, మీటరు అంకె రాసిమ్మనాలి. చూపిస్తే మారు మాట్లాడకుండా ఫర్నేసు ఆర్పించాలి.

కొత్తదానికి సుగుణాలు లేవనడం లేదు. 80 శాతం సామర్థ్యమున్న పాతదానిలో నూరు డాలర్ల గ్యాసు కాలిస్తే ఇరవై డాలర్లు పొగగొట్టాన పోతాయి. 95 శాతం దానిలో ఐదే. అది లాభనష్టాల లెక్క, తీరిగ్గా వేయవలసినది. జనవరిలో పళ్లు టకటకలాడుతుండగా వేసే లెక్క భయానకరసం కిందికి వస్తుంది.

ప్రాసంగికంగా ఒక మాట. సహజవాయువుతో ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేసుకు 1919 డిసెంబరు 23న పేటెంటు పొందిన ఆలిస్ పార్కర్‌ది ఇదే న్యూజెర్సీలోని మారిస్‌టౌన్. ఒక్కో గదికి కావలసినంత వేడిని విడివిడిగా పంపాలని ఆమె ఆలోచన. నూరేళ్లు దాటినా మా కోడలి గదికి అది చేరలేదు.

పాఠాంతరం

మరునాడు రెండో కాంట్రాక్టరు వచ్చాడు. సన్నని గొట్టం చివర కెమెరా కట్టి గదులన్నీ చూపించాడు, మీటరు పెట్టాడు, పగులు లేదని రాసిచ్చాడు. కడ్డీ రుద్దినందుకూ ఫిల్టరుకూ కలిపి డబ్బు పుచ్చుకున్నాడు. అతని ప్రతిలో చతుర్థ పాదం “కొత్తదొకటి కొనక కొంప నిలుచు” అని ఉంది. కొనిన, కొనక రెండూ నగణాలే, గణభంగం లేదు. కొడుకు మొదటి పాఠాన్ని పూర్తిగా కొట్టేయలేదు. చలి తగ్గి, కాంట్రాక్టర్లకు పని పలచబడే ఏప్రిల్లో మళ్లీ పరిశీలిద్దామని ఫైల్లో పెట్టాడు.