సెల్టోస్ కండూతి: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఏమప్పా, మీ కుక్క రేత్రంతా బరబరా గోక్కుంటాంది. రవ్వంత సూడగూడదా?"

అవతారిక: ఎర్రమంచిలో మా పక్కింటి అవ్వ తెల్లారుజామున, నోట్లో వేపపుల్లతో, గోడ మీదుగా పలికిన వాక్యమిది. కుక్క అనగా సెల్టోస్. 2019 ఆగస్టులో మా ఊరి కియా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన తొలి బండి పేరే మా నాటు కుక్కపిల్లకూ పెట్టుకున్నాం. బండికైతే సర్వీసింగు పుస్తకం ఇస్తారు. కుక్కకు ఇవ్వరు గనక ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థం: ఏమప్పా = ఓయీ, పట్టించుకోని యజమానీ; రేత్రంతా = నాకు నిద్ర లేకుండా; బరబరా = గోళ్ల చప్పుడుతో; గోక్కుంటాంది = వెనక కాలితో తన్ను తానే దున్నుకొనుచున్నది; రవ్వంత = బాగా (ఇది అవ్వ మర్యాద); సూడగూడదా = డాక్టరుకు చూపించగూడదా, పోనీ నువ్వైనా వంగి చూడగూడదా అని రెండర్థాలు.

టీక: ఇందులో అధికరణం లోపించింది. ఎక్కడ గోక్కుంటోందో అవ్వ చెప్పలేదు. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం. నాకది కుదరదు. ఎందుకంటే క్రియ ఒకటే అయినా చోటును బట్టి అర్థం మారిపోతుంది. తోక మొదట్లో, నడుం వెనక గోక్కుంటే దూకే చిన్న పురుగులు, డాక్టర్లు ఫ్లీలంటారు. వాటి ఎంగిలి పడని కుక్కకు నాలుగు కాట్లు చాలు, జాగారమే. చెవి అంచులు, మోచేతులు పొక్కులు కడితే గజ్జి. చెవి అంచును వేళ్లతో నలిపితే వెనక కాలు దానంతటదే ఆడుతుంది. ఆ గజ్జి మనకూ అంటుతుంది. పాదాలు, పొట్ట నాక్కుంటే తిండో, దుమ్మో, పుప్పొడో పడలేదన్నమాట. వయ్యారిభామ కూడా కారణం కావచ్చు. వయ్యారిభామ అనగా కావ్యనాయిక కాదు, రోడ్డు పక్క కలుపుమొక్క.

ప్రమాణం: సెల్టోస్‌ను తడిపిన తెల్లపంచె మీద నిలబెట్టి, తోక దగ్గర పేల దువ్వెనతో దువ్వాను. మిరియాల పొడిలా నల్లటి నలుసులు రాలాయి. రెండు నిమిషాలకు ఒక్కో నలుసు చుట్టూ తుప్పు రంగు వలయం పాకింది. మా ఊరి మట్టే ఎరుపు కదా అని శంక. మట్టి రేణువు అలా వలయం కట్టదు. ఇది పురుగు తాగి విసర్జించిన రక్తం. పంచె పాడైంది గానీ పాఠం తేలింది.

పూర్వపక్షం: వాడేసిన ఇంజనాయిలు పూయమని ఒకరు, కిరసనాయిలని ఇంకొకరు, శెనక్కాయ చేనుకు కొట్టే మందే నీళ్లలో కలిపి పోయమని మరొకరు.

ఖండనం: కుక్క ఒళ్లు నాక్కుంటుంది. పూసిందంతా పొట్టలోకే. చేను మందు చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. చచ్చిన కుక్క గోక్కోదు గనక ఆ వైద్యం ఫలించినట్టే కనబడుతుంది.

సిద్ధాంతం: వేడినీళ్లు దురద పెంచుతాయి, గోరువెచ్చనివి చాలు. మన సబ్బు వద్దు, కుక్కల షాంపూ రాసి పది నిమిషాలాగి కడగాలి. మెత్తగా పొడి చేసిన ఓట్స్ నీళ్లలో కలిపి పోస్తే, ఎర్రబడిన చోట చల్లని తడిగుడ్డ వేస్తే కాస్త ఉపశమనం. అయితే ఇదంతా పైపూత వ్యాఖ్యానం. అసలు మూలం గోనెపట్టాలో ఉంది. కుక్క మీద కనబడేవి పెద్ద పురుగులు, కొన్నే. గుడ్లు జారి అది పడుకునే గోనెలో, మంచం కింది దుమ్ములో పడి, అక్కడే పిల్లలై గూళ్లు కడతాయి. గూడులో ఉన్నది నెలల తరబడి కూడా ఆగగలదు. అందుకే పట్టాను మరిగే నీళ్లలో నానబెట్టి, ఎర్రటి ఎండలో ఆరేసి, మూలలు రోజూ ఊడ్చాలి. ఎండకు మన దగ్గర కరువు లేదు. పురుగుల మందు మాత్రం కుక్క బరువు చెప్పి డాక్టరు దగ్గరే తీసుకోవాలి. కుక్క మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్ని పిల్లికి ప్రాణాంతకం, ఇంట్లో పిల్లి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి.

అలంకారం: స్వభావోక్తి. అతిశయోక్తి అని వాదించినవాడు ఒకడున్నాడు. ఆ రాత్రులు వాడు మిద్దె మీద ఫ్యాను వేసుకుని పడుకున్నాడు. వాడే ఈ వ్యాఖ్యాత.

తాత్పర్యం: కుక్క గోక్కుంటే ముందు వంగి చూడండి. పుండు పడినా, బొచ్చు ఊడినా, మీకూ దురద మొదలైనా ఈ టీక పక్కన పడేసి పెనుకొండ పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి.