సైకిల్ మెడలో గంట

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరుచుకుంది. వెడల్పు నాలుగున్నర మీటర్లు. సైకిళ్లకని వేస్తే, నీడ చూసి నడక బృందాలూ దిగాయి. నలుగురు ఒకే వరసలో చేతులూపుకుంటూ, వియ్యంకుడి షుగరు మీద చర్చిస్తూ సాగుతుంటే ట్రాక్ కాస్తా పెళ్లి ఊరేగింపే!

ఇంతలో వెనక నుంచి మన వీరుడు. సైకిలు లక్షన్నర. నెత్తిన హెల్మెట్, కళ్లకు నల్లద్దాలు, మణికట్టుకు గుండె లెక్కలు చెప్పే వాచీ. లేనిదల్లా గంట. అడిగితే ‘బరువండీ’ అంటాడు. పొట్ట మాత్రం లెక్కలోకి రాదు. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. ముందున్న తాతగారు ‘ఏంటీ?’ అని తల తిప్పేలోపు వీరుడు ఆయన చంకలో ఉంటాడు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలని తొమ్మిదో తరగతిలోనే చెప్పారు. ఆ రోజు బడి ఎగ్గొట్టి సైకిలు తొక్కాడేమో.

ఇదే పెద్దమనిషి రోడ్డెక్కాక, కారు రయ్యిన రాసుకుపోతే ‘మనుషులంటే లెక్కలేదు’ అని శాపనార్థాలు. చెవుల్లో పాటలు పెట్టుకుని, కుక్క తాడును ట్రాక్‌కు అడ్డంగా దండెంలా లాగిన అమ్మగారిదీ అదే గోడు: ‘ఈ సైకిళ్లోళ్లు చూసుకోరండీ!’

పాలాయన పాత సైకిలుకు ఇప్పటికీ గంట ఉంది. రెండు క్యాన్లు మోస్తూ, మనిషి కనిపిస్తే ట్రింగ్‌మంటాడు, కాలు కింద పెడతాడు. మొన్న వీరుడు ఆయన్నే ‘జరుగు, జరుగు’ అని కసురుకుంటూ పోయాడు.