ఇల్లంతా పాట, వినేది ఒక్కడే

ఏ గదిలోకి వెళ్లినా అదే పాట, అదే చరణం, తెగకుండా వినిపించాలి. హోల్ హౌస్ ఆడియో అంటే ఇంతే. పేరున్న కంపెనీల స్పీకర్లతో పెట్టించుకుందామంటే మా ఇంటి లెక్క ఒక స్కూటరు ధర దాటింది. అలాంటి రేటు చూస్తే పిసినారికి బాధ కలగదు, ఉత్సాహం పుట్టుకొస్తుంది. "ఇందులో ఏముంది, నేనే చేస్తా" అన్నాను. ఆ ముక్క విని ఇంట్లో అందరూ ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోయారు.

మాది స్టేషన్ ఘన్‌పూర్. కాజీపేట, సికింద్రాబాద్ లైను మీది ఊరు. రైలు కూతలు, గుడి మైకులు, పెండ్లి డీజేలు ఉండగా మాకు చప్పుడుకు కరువేం లేదు. అయినా రైలెక్కి హైదరాబాద్ పోయి, కోఠి గుజరాతీ గల్లీలో సంచి నింపుకొచ్చా. పీఏఎం 8403 చిప్పు యాంప్లిఫయర్ బోర్డులు చవగ్గా దొరికాయి. 5 వోల్టుల ఫోన్ చార్జరుతో నడిచి, రెండు స్పీకర్లకు చెరో 3 వాట్ల దాకా ఇస్తాయి. పెట్టె లేని స్పీకరుకు బేస్ ఉండదు. ముందు వైపు అల, వెనక వైపు అల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పెట్టెలకు డబ్బులెందుకని చిన్ననాటి విద్య బయటికి తీసి, కుండల మూతి మీద స్పీకర్లు బోర్లించా. హాల్లో కుండలు చూసిన చుట్టాలు ఏం శుభకార్యమని అడిగారు.

వైరింగుకు వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక మాటన్నాడు: "సార్, గుడికి పెట్టినట్టు 100 వోల్టుల లైను గుంజుదాం. ఒక్క యాంప్లిఫయరు, సన్న తీగ, స్పీకరుకో చిన్న ట్రాన్స్‌ఫార్మరు. ఇగ ఢోకా ఉండది." నూటికి నూరుపాళ్లు సరైన సలహా. అందులో వైఫై లేదు కనుక నాకు నచ్చలేదు.

నా పంతం వేరు. రెండు గదుల మధ్య పాట ఓ యాభై మిల్లీసెకన్లు తేడా పడితే చెవికి ప్రతిధ్వనిలా తగులుతుంది. దీనికి స్నాప్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో కూర్చుని పాటను ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా టైము వేసి పంపుతుంది. ప్రతి గదిలో యాంప్లిఫయరుకు తగిలించిన వైఫై బోర్డు తన గడియారాన్ని దానితో సరిచూసుకుని, సరిగ్గా ఆ టైముకే వాయిస్తుంది. తేడా ఒక మిల్లీసెకను లోపే. అంతసేపట్లో శబ్దం నడిచేది 34 సెంటీమీటర్లు. కుర్చీ కాస్త జరిపినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. ఈ సంగతి చెబితే మా ఆవిడ కుర్చీ జరిపి లేచిపోయింది.

ఈ ఒద్దిక కుదరడానికి స్నాప్‌కాస్ట్ ఒక సెకను పాటను ముందే చేతిలో ఉంచుకుంటుంది, దాన్నే బఫర్ అంటారు. పాటకు పరవాలేదు. నేను ఊరుకోక టీవీని కూడా దీనికే తగిలించా. సీరియల్లో అత్త చెయ్యెత్తి కొట్టింది. కోడలు తల తిప్పి చెంప పట్టుకుంది. అప్పుడు వచ్చింది "ఛట్" మని చప్పుడు, ఐదు కుండల్లోంచి ఒకేసారి.

"గిదేంది బిడ్డా, చెంప వట్టుకున్నంక దెబ్బనా?" అంది అమ్మ.

"అది బఫరమ్మా."

"గా బఫరును తీస్కవొయ్యి అవతల పెట్టు."

పరువు నిలుపుకోవాలని, ఇంట్లోని పరికరాలను నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరుతో ఆ కుండల్లోంచి మాటలు పలికించా. ట్యాంకు నిండగానే ఒక ఆడగొంతు "నీటి తొట్టి నిండినది, మోటారును ఆపవలెను" అంటుంది. ఆ వాక్యం టైపు చేసింది నేనే. మిషన్ ముందు కూర్చోగానే నాకు ఘన్‌పూర్ మాట మరుపొచ్చి, గ్రాంథికం పూనింది. అమ్మ లేచి కొంగు సర్దుకుంది. "ఎవలో మేడం వచ్చింది, కుర్సీ ఎయ్యుండ్రి" అని, నాలుగు దిక్కులా చెవొగ్గి, "గామె అన్ని అర్రలల్ల తిరుగుతాందేందిరా?" అని నన్ను నిలదీసింది. నా వ్యవస్థ పనితనానికి అంతకు మించిన మెప్పు ఇంకెవరూ ఇవ్వలేదు.

పాట గదిగదికీ వెంట రావాలంటే, ముందు మనిషి గదిగదికీ తిరగాలి కదా. అమ్మ టీవీ దగ్గర, ఆవిడ వంటింట్లో, పిల్లవాడు ఇయర్‌ఫోన్లలో స్థిరపడిపోయారు. ఇల్లంతా తిరిగేది నేనొక్కణ్నే, అన్ని గదుల్లో పాట వస్తోందా లేదా అని చూడ్డానికి. వెనకటికి పల్లెల్లో గ్రామపంచాయతీ రేడియో ఉండేది. ముల్లు 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ కేంద్రం మీద నిలబడితే, స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు ఊరందరికీ అదే వినిపించేది. వేరే దిక్కు లేదు గనుక అందరూ విన్నారు. ఇప్పుడు చేతిచేతికీ ఫోనుంది. నా కుండలకు ఆ యోగం ఎక్కడిది?

చివరికి మా ఆవిడే అడిగింది: "ఇన్ని పెట్టిన్రు, బంద్ చేసేదేడుంది?"

ఫోన్లో యాప్ తెరిచి, రూమ్ ఎంచుకుని, గ్రూప్ విడదీసి... అని మొదలుపెట్టా. వివరం పూర్తయ్యేలోపు ఆమె ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్రతి గదిలో ఒక మామూలు స్విచ్చు పెట్టించింది. మొత్తం ఏర్పాటులో అందరికీ నచ్చిన భాగం అదే. రోజూ వాడుతున్నారు.

ఏ గది స్విచ్చు ఎన్ని గంటలకు ఆపారో నా ఫోనుకు చెప్పే సెన్సర్లు కొత్తగా ఆర్డరు పెట్టా. చాలా చవక. ఇంట్లో ఇంకా చెప్పలేదు.