డీవీడీ బావగారు

కడియం అనగానే ఎవరికైనా గులాబీ అంట్లు, కడియపులంక పూల మార్కెట్టు గుర్తొస్తాయి. మా బావగారి నర్సరీలో మాత్రం మొక్కల కన్నా ముందు డీవీడీలు కనిపిస్తాయి. తాళ్లకి గుచ్చి మడుల మీద వేలాడదీశారు. ఎండకి తళుక్కుమంటుంటే పిట్టలు వాలవట. అన్నీ రాసేటప్పుడు పాడైపోయినవే. "పాడైనా పనిచేస్తున్నాయి కదండీ!" అంటారు గర్వంగా.

బావగారి వ్యాపకం ఒక్కటే. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ లోకం మీద పడే ముందు దాన్ని డిస్కు మీద రాసి, ఆ డిస్కుతో ఇన్‌స్టాల్ అవుతుందో లేదో చూడటం. పైసా జీతం లేదు. డెబియన్ లాంటి లినక్స్ వాళ్లు విడుదల రోజున డిస్కు మీద రాయడానికి ఐఎస్ఓ ఫైళ్లు తయారుచేసి, బయటికి వదిలే ముందు ఇలాంటి స్వచ్ఛంద సేవకుల చేత పరీక్ష చేయిస్తారు. 2023 జూన్ 10న డెబియన్ 12, 2025 ఆగస్టు 9న డెబియన్ 13. రెండూ శనివారాలే. ఆ శనివారం ఎవరింట్లో శుభకార్యమైనా అక్కయ్య ఒక్కతే వస్తుంది. "ఆయనకి విడుదలండీ" అంటుంది. కొత్తవాళ్లు మరోలా అర్థం చేసుకుని జాలిపడతారు.

ఈ జబ్బు పోస్టులో వచ్చింది. అడిగినవాళ్లకల్లా ఉబుంటు అనే మరో లినక్స్ వాళ్లు ఉచితంగా సీడీలు పంపిన రోజులవి. 2011లో ఆ దానం ఆగిపోయింది. మరుసటేడు ఉబుంటు 12.10 వచ్చి, 700 మెగాబైట్ల సీడీలో పట్టనంత లావైంది. బావగారు నిట్టూర్చి, 4.7 గిగాబైట్ల డీవీడీకి మారారు. అక్కడే ఆగిపోయారు.

"పెన్‌డ్రైవు ఉండగా ఇదెందుకు బావగారూ?" అని అడక్కూడదు. అడిగితే కాఫీ చల్లారిపోతుంది. పెన్‌డ్రైవు పిలవగానే పలుకుతుందట. డిస్కు ముందు తిరగాలి, వేగమందుకోవాలి, లెన్సు తడుముకోవాలి. ఈలోగా తొందరపడ్డ ఇన్‌స్టాలరు "డిస్కే లేదు" అనేస్తుంది. ఆ తప్పు అసలు డ్రైవులో, అసలు డిస్కు పెడితేనే బయటపడుతుందని ఆయన వాదన. డ్రైవు గుర్రుమనే చప్పుడును బట్టి ఎక్కడ చదవలేకపోతోందో చెప్పేస్తారు కూడా.

వాళ్ల నాన్నగారు మొదట్లో కోప్పడేవారు. తర్వాత ఆయనే తీర్పిచ్చారు: "అంటు అతికిందో లేదో లారీ ఎక్కించాక చూస్తే ఏం లాభంరా? కానీ, చూడు." అప్పట్నుంచి బావగారికి అడ్డులేదు.

ఇబ్బందల్లా ఊరివాళ్లకే. పరీక్షల్లో ఒకటి "హార్డ్ డిస్కు మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చెయ్యి" అనేది. దానికి చెరిపేయడానికో కంప్యూటరు కావాలి. అందుకే బావగారు ఎవరింటికెళ్లినా ముందు కంప్యూటరు వంక ఆశగా చూస్తారు. "డ్రైవు పనిచేస్తోందాండీ?" అని అడగ్గానే ఇల్లాలు దాని మీద దుప్పటి కప్పేస్తుంది. పక్క నర్సరీ వాళ్లు ఒకసారి వైరస్ తీయమని సిస్టమ్ ఇచ్చారు. వైరస్ పోయింది. దాంతోపాటు మూడేళ్ల బిల్లులూ పోయాయి. "ఆయ్, శుభ్రంగా పోయిందండీ, చెరపడంలో లోపమేం లేదు" అని బావగారే వెళ్లి శుభవార్త చెప్పారు.

అన్నీ సవ్యంగా జరిగితే ఆయన ముఖం వాడిపోతుంది. తప్పు దొరికిందా, ఆ రాత్రి ఇంట్లో పులస పులుసు లేకపోయినా పండగే. సగంలో కరెంటు పోతే మాత్రం డిపార్టుమెంటుని తిట్టరు. "ఇది కూడా పరీక్షేనండీ" అని నోట్సు రాసుకుంటారు, టార్చి వెలుగులో.

ఓసారి నా లాప్‌టాప్‌లో డీవీడీతో డెబియన్ ఎక్కించారు. నెల్లాళ్లకి ఏదో చిన్న ప్రోగ్రామ్ కావాలంటే, ఫలానా పేరున్న డిస్కు డ్రైవులో పెట్టమని తెర అడ్డం తిరిగింది. ఇన్‌స్టాల్ చేసిన డిస్కునే అది ఇంకా నమ్ముకుని ఉందట. ఫోన్ చేస్తే, "ఆ డిస్కాండీ? రెండో మడి దగ్గర, మల్లెల మీద ఉంటుంది, కాస్త తుడిచి పెట్టండి" అన్నారు.

మొన్న కొత్తది విడుదలయ్యాక చూస్తే ఆయన సొంత సిస్టమ్‌లో ఇంకా పాతదే నడుస్తోంది.

"అదేంటి బావగారూ, మీరే పరీక్షించి పాసు చేశారుగా?"

"అందుకేనండీ," అన్నారు గొంతు తగ్గించి, "పరీక్షించిందెవరో నాకు తెలుసు కదా!"